మోటారును పైకి లేపాను, బావతో మాటలు ఆగిపోయాయి

ప్రశ్న

నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలోని ఒక తీర గ్రామం నుంచి, పేరు వేయవద్దని కోరుతూ, 29 ఏళ్ల మత్స్యకారుడు ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆయనకూ ఆయన అక్క భర్తకూ కలిపి 28 అడుగుల ఫైబర్ బోటు, దానికి 9.9 హెచ్‌పీ పెట్రోలు మోటారు ఉన్నాయి. వాటా చెరి సగం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధంలో బోటు ఒడ్డున ఉన్నప్పుడు ఆయన ఫోనులో కొన్ని వీడియోలు చూశారు. మోటారును పైకి లేపితే వేగం పెరుగుతుందనీ, పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు పోయే దూరం) ఎక్కువున్న ఫ్యాను, అంటే నీటిని వెనక్కి తోసే రెక్కల చక్రం, వేస్తే ఇంకా పెరుగుతుందనీ వాటిలో చెప్పారట. వెనుక పలక అంచు మీద అంగుళమున్నర మందం చెక్క పెట్టి, దానిపైన మోటారును కూర్చోబెట్టారు. 9¼ × 9 అని అంకెలున్న పాత ఫ్యాను తీసి 9¼ × 11 ఫ్యాను వేశారు. ఆ డబ్బు సావుకారు ఇద్దరి పేరు మీదా ఇచ్చిన అడ్వాన్సులోది. బావకు చెప్పలేదు.

నిషేధం ముగిశాక ఖాళీ బోటుతో తిరిగి చూస్తే వేగం కొద్దిగా పెరిగినట్లే అనిపించింది. వలలు, ఐసు పెట్టె, నలుగురు మనుషులు ఎక్కాక మాత్రం బోటు ఈడ్చుకుంటూ నడుస్తోంది, పెట్రోలు ఎక్కువ తాగుతోంది. అల మీద నుంచి కిందికి వాలినప్పుడు మోటారు ఒక్కసారిగా కీచుమని ఖాళీగా తిరుగుతోంది. ఒక రోజు ఒడ్డుకు వస్తుండగా కెరటాలు విరిగే చోట ఇలాగే జరిగి బోటు అడ్డం తిరిగింది. ఒక కళాసీ పడిపోయాడు, భుజం బెణికింది. అదే రోజు మోటారు పక్క నుంచి పడే నీటి ధార సన్నబడి, మోటారు వేడెక్కి ఆగిపోయింది. "ఎవరినడిగి చేశావు?" అని బావ పదిమంది ముందు అడిగాడట. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు, అక్క మధ్యలో నలిగిపోతోంది. మోటారును ఇలాగే ఉంచి సరిచేయవచ్చా, 15 హెచ్‌పీ మోటారుకు మారడం మంచిదా, బావతో ఎలా మాట్లాడాలి అన్నవి ఆయన అడిగిన మూడు విషయాలు.

సమాధానం

మీ మూడు ప్రశ్నల కన్నా ముందు, మీరు అడగని ఒక సంగతి చెప్పాలి. మోటారు క్లాంపుల మరలు వెనుక పలకను లోపలి వైపు నుంచి, పై అంచుకు కొద్ది అంగుళాల దిగువన పట్టుకుంటాయి. మీరు అంగుళమున్నర చెక్క పెట్టి మోటారును లేపినప్పుడు ఆ మరలు కూడా అంతే పైకి వచ్చి ఉంటాయి. ఇప్పుడు అవి గట్టి పలకను పట్టుకుని ఉన్నాయా, చెక్కకూ పలకకూ మధ్య అతుకు మీద ఉన్నాయా, ఈ ఉత్తరం చదివిన రోజే చూడండి. అతుకు మీద ఉంటే, పెద్ద అల తగిలినప్పుడు మోటారు ఊడి నీళ్లలో పడే ప్రమాదం ఉంది. క్లాంపులతో పాటు పలకను దూసుకుపోయే బోల్టులు, మోటారును బోటుకు కట్టే ఒక గొలుసు లేదా గట్టి తాడు లేకుండా వేటకు వెళ్లవద్దు. మిగిలిన వాటిలో నిర్ణయం మీది, మీ బావది. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను రెండో మాటకు చోటివ్వలేను.

ఇక అసలు చిక్కు. మీరు ఒకే రోజు రెండు మార్పులు చేశారు. ఆ రెండూ మోటారును ఎదురెదురు దిక్కులకు లాగుతున్నాయి. మోటారు పైకి లేవడం వల్ల ఫ్యానుకు గాలి అంది, అది అప్పుడప్పుడు అదుపు లేకుండా తిరుగుతోంది. పిచ్ పెరగడం వల్ల నీళ్లు సరిగా అందినప్పుడు అదే మోటారు బరువు మోయలేక కుంగుతోంది. ఏ ఇబ్బంది దేని వల్ల వచ్చిందో మీకు తెలియకపోవడానికి కారణం ఇదే. ఇందులో మీ తెలివితక్కువతనం ఏమీ లేదు, ఇరవై ఏళ్లుగా మోటార్లు విప్పుతున్నవాళ్లు కూడా రెండూ ఒకేసారి మారిస్తే తికమకపడతారు.

ఫ్యానుకు పైన, మోటారు కాలు (నీళ్లలోకి దిగే నిలువు భాగం) మీద అడ్డంగా పళ్లెంలాంటి రేకు ఒకటి ఉంటుంది. దాన్ని కేవిటేషన్ ప్లేటు అని పిలుస్తారు కానీ, నీటి పైనుంచి గాలి ఫ్యానులోకి దిగకుండా అడ్డుకోవడమే దాని పని. ఆ ప్లేటు బోటు అడుగుతో ఇంచుమించు సమంగా ఉండాలన్నది మొదటి లెక్క. తేలికైన స్పీడు బోట్లు వేగం అందుకోగానే నీటి మీదికి లేచి జారుతాయి, వాటికి ప్లేటు ఇంకొంచెం పైకి ఉన్నా నడుస్తుంది, పైగా నీళ్లలో మునిగి ఉండే కాలు తగ్గి వేగం పెరుగుతుంది. మీరు చూసిన వీడియోలలోని మాట ఆ బోట్లకు నిజమే. మీ బోటు అలాంటిది కాదు. నలుగురు మనుషులు, తడి వలలు, ఐసు, చేపలతో నడిచే 28 అడుగుల బోటు 9.9 హెచ్‌పీతో నీటి మీదికి లేవదు, నీటిని తోసుకుంటూ నడుస్తుంది. అంత పొడవున్న బోటుకు అలా నడిచేటప్పుడు గంటకు సుమారు 13 కిలోమీటర్ల దగ్గర ఒక అడ్డుకట్ట ఉంటుంది. దాన్ని దాటాలంటే శక్తి ఎంతో పెంచాలి, ఆ పైన వచ్చే లాభం కొంచెమే. కాబట్టి మోటారు ఎత్తు పెంచితే మీకు కలిసివచ్చే వేగం దాదాపు లేదు.

దీనికి తోడు మన తీరంలోని బోట్లకు అడుగున, ముందు నుంచి వెనుకకు, వెన్నులాంటి గట్టు ఉంటుంది. అది నీటిని చీలుస్తూ పోయేటప్పుడు దాని వెనుక నీరు నురగతో కలిసి వస్తుంది. ఆ నురగ నేరుగా ఫ్యానుకే తగులుతుంది. అందుకే ఇలాంటి బోట్లకు ప్లేటు అడుగుకన్నా అంగుళం దాకా కిందికి ఉండడమే మేలు. మార్పుకు ముందు మీ ప్లేటు అలాగే, అంగుళం కిందికి ఉండేదని మీరే రాశారు. ఇప్పుడు అడుగుకన్నా అర అంగుళం పైకి వచ్చింది. ఇది ఇసుక మీద, ఖాళీ బోటుకు తీసిన కొలత అని కూడా గుర్తుంచుకోండి. వలలన్నీ వెనుక పోసి ఉన్నప్పుడు బోటు వెనుక భాగం దిగి మోటారు లోతుగానే ఉంటుంది. వలలు నీళ్లలోకి వదిలిన తర్వాత వెనుక భాగం తేలుతుంది, అలల మీద ఇంకా లేస్తుంది. మీ మోటారు కీచుమన్నది ఎక్కువగా వల వదిలిన తర్వాతా, ఒడ్డుకు వచ్చేటప్పుడూ అయి ఉంటుంది. ఒకసారి జ్ఞాపకం చేసుకుని చూడండి.

జువ్వలదిన్నె హార్బరులో కట్టే బోటుకూ మీ బోటుకూ ఇక్కడ పెద్ద తేడా ఉంది. హార్బరు బోటు ప్రశాంతమైన నీటిలో బయలుదేరి ప్రశాంతమైన నీటిలోకి తిరిగి వస్తుంది. మీరు రోజూ రెండుసార్లు విరిగే కెరటాలను దాటాలి. అక్కడ మూడు నాలుగు సెకన్లు ఫ్యాను పట్టు తప్పితే చాలు, వెనుక నుంచి వచ్చిన కెరటం బోటును అడ్డం తిప్పేస్తుంది. మీరు ఉత్తరంలో రాసిన, హార్బరులో ఉన్న మీ స్నేహితుడికి సరిపోయిన ఎత్తు మీకు సరిపోకపోవచ్చు. ఆ కళాసీ భుజంతో బయటపడ్డాడు, అంతకన్నా పెద్ద నష్టం జరగనందుకు మీ ఇంట్లో అందరిలాగే నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

ఫ్యాను సంగతికి వస్తాను. అంకెల్లో మొదటిది రెక్కల కొసలు తిరిగే వృత్తానికి అడ్డుకొలత, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. పిచ్ అంటే, మరమేకు చెక్కలోకి దిగినట్లు, ఫ్యాను ఒక్క చుట్టుకు జారకుండా ఎంత దూరం ముందుకు పోవాలో చెప్పే కొలత. మోటారు నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతోందనీ, గేరు నిష్పత్తి 2.08 (మోటారు 2.08 చుట్లకు ఫ్యాను ఒక చుట్టు) అనీ అనుకుందాం. అప్పుడు ఫ్యాను సుమారు 2,400 చుట్లు తిరుగుతుంది. 11 అంగుళాల పిచ్ ప్రకారం అది నిమిషానికి 670 మీటర్లు, అంటే గంటకు 40 కిలోమీటర్లు పోవాలి. 9 అంగుళాలతో 33, 8 అంగుళాలతో 29 కిలోమీటర్లు. నిండు బోటుతో మీరు పోయేది గంటకు 13 కిలోమీటర్ల చుట్టుపక్కల. అంటే 11 అంగుళాల ఫ్యాను తన దూరంలో మూడింట రెండు వంతులు నీటిలో జారిపోతూనే తిరుగుతోంది. ఎంత చెట్టుకు అంత గాలి అన్నట్లు, ఈ బరువుకు పిచ్ తగ్గాల్సింది పోయి పెరిగింది. మిట్ట ఎక్కే బండిని టాప్ గేరులో తోలినట్లయింది. పిచ్ ఒక అంగుళం పెరిగితే మోటారు చుట్లు సుమారు 150 నుంచి 200 దాకా తగ్గుతాయని మెకానిక్కులు లెక్క కడతారు. మీరు రెండు అంగుళాలు పెంచారు. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినా చుట్లు అందుకోని మోటారు పెట్రోలును పూర్తిగా కాల్చదు, ప్లగ్గులు నల్లబడతాయి, పిస్టన్ మీద భారం పడుతుంది. మీకు పెట్రోలు ఖర్చు పెరిగింది ఇందువల్లే అని నా అంచనా.

వేడెక్కడానికి రెండు కారణాలు ఉండవచ్చు. మోటారుకు చల్లదనమిచ్చే నీరు ప్లేటు కింద, కాలు పక్కనున్న సందుల గుండా లోపలికి వెళుతుంది. కాలు పైకి లేచి అక్కడికి గాలి చేరితే నీరు తగ్గుతుంది. రెండోది ఇంపెల్లర్, అంటే ఆ నీటిని తోడే రబ్బరు చక్రం. ఒడ్డున ఇసుక కలిసిన నీటిలో రోజూ స్టార్టు చేసే మన బోట్లలో అది త్వరగా అరిగిపోతుంది. నేను విప్పి చూసిన ఒక దాంట్లో ఆరు రెక్కల్లో నాలుగు కొసలు బ్లేడుతో కోసినట్లు పోయి, మిగిలిన రెండూ ఒక వైపుకు వంగి గట్టిపడి ఉన్నాయి. వేలితో వంచితే పగుళ్లు విచ్చుకున్నాయి, కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఆ బోటు వాళ్లు నెల రోజులుగా నీటి ధార సన్నగా పడుతోందని చూస్తూనే ఉన్నారట. మీ మోటారు ఒకసారి వేడెక్కి ఆగింది కనుక, ఎత్తు మార్చినా మార్చకపోయినా ఇంపెల్లర్ మార్పించండి, థర్మోస్టాట్‌లో (వేడిని బట్టి నీటిని వదిలే కవాటంలో) ఇసుక, ఉప్పు పేరుకున్నాయేమో చూపించండి. పాత ఫ్యానునూ ఒకసారి చేతిలోకి తీసుకోండి. రెక్కల మొదళ్లలో చెద తిన్నట్లు చిన్న చిన్న గుంటలుంటే, అంచులు వంగి ఉంటే, దానికీ కొంత మరమ్మతు కావాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను.

అన్నిటికన్నా ఖర్చు లేనిది, చెక్క తీసేసి, పాత ఫ్యాను వేసి, మోటారును మొదటి చోటికి దించడం. కెరటాల్లో పట్టు తిరిగి వస్తుంది. వేగం చాలలేదన్న మీ పాత బాధ మాత్రం అలాగే ఉంటుంది. అయినా పోలికకు ఒక గట్టి ఆధారం దొరుకుతుంది కనుక, తర్వాత ఏం చేయాలన్నా ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

రెండో దారి, ఎత్తు పాతదే ఉంచి, 8 అంగుళాల పిచ్ ఫ్యానుతో చూడడం. ఖాళీ బోటుతో వేగం ఏమాత్రం పెరగదు, కొంచెం తగ్గవచ్చు కూడా. నిండు బోటుతో, ఎదురుగాలిలో, కెరటం దాటేటప్పుడు లాగుడు పెరుగుతుంది, పెట్రోలు కలిసి వచ్చే అవకాశం ఉంది. ప్రమాదం ఏమిటంటే, పిచ్ మరీ తగ్గితే ఖాళీ బోటులో మోటారు చుట్లు పరిమితి దాటుతాయి. చిన్న మోటార్లలో ఆ పరిమితి చాలావరకు 4,500 నుంచి 6,000 మధ్య ఉంటుంది, మీ మోటారుకు ఎంతో దాని పుస్తకంలో ఉంటుంది. కొనే ముందు ఇరుసు పళ్లు మీ మోటారుకు సరిపోతాయో లేదో చూసుకోండి, అంకెలు ఒకటే అయినా వేరే కంపెనీ ఫ్యాను ఎక్కకపోవచ్చు. స్టీలు ఫ్యాను కొనమని ఎవరైనా చెబితే ఆలోచించండి. అల్యూమినియం రెక్క ఇసుక దిబ్బకు తగిలితే వంగుతుంది, దాన్ని సరిచేయించుకోవచ్చు. స్టీలు రెక్క అంత సులువుగా వంగదు, ఆ దెబ్బ లోపలి గేర్ల దాకా పోతుంది. ఒడ్డుకు దిగే బోటుకు వంగే ఫ్యానే నయం.

మోటారు కొంచెమైనా పైకి ఉండాలని మీకు గట్టిగా అనిపిస్తే, అంగుళమున్నర చెక్క బదులు అర అంగుళం చెక్కతో ప్రయత్నించవచ్చు. అప్పుడు ప్లేటు అడుగుకన్నా అర అంగుళం కిందికి వస్తుంది. తెల్లవారుజామున సముద్రం నిలకడగా ఉన్నప్పుడు బాగానే నడుస్తుంది. అలలు పెరిగిన రోజున మళ్లీ అదే కీచు వినిపించవచ్చు. దానివల్ల వచ్చే లాభం ఆ ప్రమాదానికి తగినంత లేదని నాకు అనిపిస్తోంది, అయినా బోటు నడిపేది మీరు.

15 హెచ్‌పీ మోటారు విషయంలో తొందరపడవద్దు. ఎదురుగాలిలో లాగుడు తప్పకుండా బాగుంటుంది. వేగం మాత్రం మీరు ఊహించినంత పెరగదు, కారణం ఆ 13 కిలోమీటర్ల అడ్డుకట్టే. పెట్రోలు ఖర్చు, సావుకారు అప్పు రెండూ పెరుగుతాయి. అప్పు పెరిగిన కొద్దీ చేపలు ఆయనకే, ఆయన చెప్పిన ధరకే ఇవ్వాల్సి వస్తుందని మీకు నేను చెప్పనక్కరలేదు. వెనుక పలక ఆ బరువునూ తోపునూ తట్టుకుంటుందో లేదో బోటు కట్టినవారిని అడగాలి. బోటు రిజిస్ట్రేషన్ పత్రాల్లో ఇంజిన్ వివరాలు ఉంటాయి కనుక మత్స్యశాఖ కార్యాలయంలోనూ ముందే కనుక్కోవాలి. నా సలహా అడిగితే, కనీసం వచ్చే నిషేధ కాలం దాకా ఆగి, అప్పటికి చేతిలో ఉండే లెక్కలు చూసి నిర్ణయించుకోండి.

ఆ లెక్కల గురించి రెండు మాటలు. ప్లగ్గు తీగకు చుట్టి చుట్లు చూపించే చిన్న టాకోమీటర్లు దొరుకుతాయి. వేగం ఫోనులోని జీపీఎస్ చూపిస్తుంది. కెరటాలు దాటాక, రోజూ మోసే బరువుతోనే, పూర్తి యాక్సిలరేటర్ మీద ఒకసారి ఉత్తరానికి, ఒకసారి దక్షిణానికి పోయి రెండు వేగాలనూ సగటు చేయండి. ఒకవైపే చూస్తే నీటి వాలు (ప్రవాహం) మిమ్మల్ని మోసం చేస్తుంది. పెట్రోలు కూడా క్యాను నింపి, గంట నడిపి, తిరిగి కొలత పాత్రతో నింపి చూసుకోండి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. స్టార్టు చేసిన ప్రతిసారీ మోటారును ఆపే ఎర్రతాడు నడిపేవారి మణికట్టుకు ఉండాలి.

ఇక మీ బావ. మీ ఉత్తరంలో "నాకు వేగం కావాలి, ఆయనకు అర్థం కాదు" అన్న మాట నాలుగు చోట్ల ఉంది. ఆయన పదిమంది ముందు అడగడం మిమ్మల్ని నొప్పించింది, అది సహజమే. అయితే ఆయన అడిగింది ఫ్యాను గురించి కాదు, అడగకుండా చేయడం గురించి. ఆ డబ్బులో సగం ఆయనది, పడిపోయిన కళాసీకి ఆయన కూడా జవాబు చెప్పుకోవాలి. మోటారు పని ఒక పూటలో వెనక్కి తిప్పవచ్చు. అడగకుండా చేసినదాన్ని సరిదిద్దాలంటే మీరు నోరు తెరవాలి.

అక్కను రాయబారం పంపవద్దు. మాట అటూ ఇటూ మోసేకొద్దీ ఆమెకే బరువవుతుంది. మీరు నేరుగా వెళ్లి, "బావా, నిన్ను అడగకుండా చేశాను, తప్పే. చెక్క తీస్తున్నాను, కొలతకు నువ్వు కూడా రా" అని చెప్పి చూడండి. దీనికి ఆయన వెంటనే మెత్తబడవచ్చు, లేదా "ఇప్పుడు గుర్తొచ్చానా" అని మరో మాట విసరవచ్చు. విసిరితే ఆ రోజుకు ఊరుకుని వచ్చేయండి, చెక్క మీరే తీయండి, ఆయన వచ్చేదాకా బోటు మాత్రం సముద్రంలోకి దించవద్దు. ఫ్యాను డబ్బులో ఆయన సగం మీ వాటాలోంచి పట్టుకోమని చెప్పడం ఇంకొక పద్ధతి. అది చేతికి కష్టమే అయినా, పదిమందిలో పోయిన మాట పదిమందికీ తెలిసేలా తిరిగి వస్తుంది. లేదూ, 11 అంగుళాల ఫ్యాను గీతలు పడకుండా ఉంటే అమ్మిన దుకాణంలో మార్పిడికి అడిగి, 8 అంగుళాలది తీసుకుని, తేడా డబ్బు లెక్క ఆయన ముందు పెట్టవచ్చు. వాటాలు విడదీసుకోవాలన్న ఆలోచన మీ ఉత్తరం చివర్లో ఉంది. ఒక బోటుకు, ఒక అప్పుకు ఇద్దరు పూచీ ఉన్న చోట ఆ లెక్క తేలడానికి సావుకారు కూడా కూర్చోవాలి. చెక్క విషయం తేలకముందే దాన్ని తలకెత్తుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

కొలతకు ఇద్దరు కావాలి, ఇది వంక కాదు. ఇసుక మీద బోటును సమంగా నిలబెట్టి, అడుగు గట్టుకు ఆనించి ఒక సూటి కర్రను వెనక్కి చాచి ఒకరు పట్టుకోవాలి, రెండోవారు ఆ కర్ర నుంచి ప్లేటు దాకా టేపుతో కొలవాలి. మోటారు నిలువుగా, ప్లేటు అడుగుకు సమాంతరంగా ఉన్నప్పుడే ఆ కొలత నిజం. మోటారు వాలును నిలిపే పిన్ను వేరే రంధ్రంలో ఉండి మోటారు వాలి ఉంటే అంకె తప్పుతుంది. కర్ర మీ బావ చేతికి ఇచ్చి, టేపు మీరు పట్టుకోండి. అంకె ఆయన చదివితే ఇంకా మంచిది.

ఆ అంకెతో పాటు మోటారు పుస్తకంలో రాసిన చుట్ల పరిధి, నిండు బోటుతో టాకోమీటర్ చూపించిన చుట్లు, రెండు వైపుల వేగం మాకు రాసి పంపండి. 8 అంగుళాలు చాలో, 7 దాకా పోవాలో అప్పుడు లెక్క వేసి చెబుతాను.